ఆరు తరాల పెళ్లిళ్లూ మోరాగ్ ముందుగదీ

స్కాట్లాండ్ తీరంలోని స్కార్‌హేవెన్ చర్చి తాళంచెవి మోరాగ్ స్వాంకీ మెడలో వేలాడుతూ ఉంటుంది. న్యాయంగా అది పాస్టరమ్మ దగ్గర, అంటే ఇక్కడ పాస్టరుగా పనిచేసే ఆవిడ దగ్గర ఉండాలి. కానీ పాస్టరమ్మకు ఈ ఊరితో కలిపి నాలుగు ఊళ్ల చర్చిలున్నాయి. మూడు వారాలకోసారి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ పక్క ఊరి తాళంచెవి తెచ్చేది. ఇలా రెండుసార్లు ఊరు ఊరంతా వానలో నిలబడ్డాక మోరాగ్ ఆ తాళంచెవిని లాక్కుని మెడలో వేసుకుంది. అది జరిగి ఇరవై రెండేళ్లయింది. ఇప్పుడు స్నానానికి తప్ప తీయదు. స్నానానికి కూడా తీయదని కొందరంటారు, నేను మాత్రం చూడలేదు.

ఆమెకు డెబ్భై మూడేళ్లు. అందులో ముప్ఫై ఒక్క ఏళ్లు రేవు వెనకున్న పొగ షెడ్డులో గడిచాయి. హ్యాడాక్ చేపల్ని జతలు జతలుగా తోకలకు తాడు కట్టి, కర్రకు వేలాడేసి, కట్టెల పొగ మీద కాల్చే పని. గంటకు మూడు వందల జతలు కట్టేదని చెబుతుంది. ఆ గంటసేపూ నోరు మూసుకునేది కాదని మిగతావాళ్లు చెబుతారు. మొగుడు డౌగల్ బస్సు డ్రైవరు, నెమ్మదస్తుడు. దారిలో ఏది అడ్డొచ్చినా దాన్ని కదపడు, చుట్టూ తిరిగి పోతాడు. బస్సు నడిపేవాడికి అది మంచి గుణమే. ఇంట్లో కూడా అంతే. మంచం కింద ఊడ్చమంటే మంచం చుట్టూ ఊడ్చేవాడు. తొమ్మిదేళ్ల కిందట పోయాడు.

షోర్ స్ట్రీట్‌లో ఆరో నంబరు ఇల్లు మోరాగ్‌ది. అంతకుముందు ఆమె తల్లి జెస్‌ది, అంతకుముందు అమ్మమ్మది. ఆ ఇంట్లో వీధి వైపు ఒక ముందుగది ఉంది. వంటింట్లో మనుషులు ఒకరి మీద ఒకరు కూర్చుని టీ తాగుతున్నా సరే, ఆ గది ఖాళీగానే ఉంటుంది. పాస్టరుకూ, డాక్టరుకూ, శవపేటికకూ తప్ప అందులోకి ప్రవేశం లేదు. పాపం డౌగల్ కూడా పోయాకే ఆ గదిలో రెండు రోజులు హాయిగా పడుకున్నాడు.

మోరాగ్ కబుర్లలో రెండు ఊరందరికీ కంఠతా వచ్చు. ఒకటి ఆమె పెళ్లి గురించి. పంతొమ్మిది వందల డెబ్భై రెండులో తెల్ల గౌను వేసుకుని, ఆర్గన్ వాయిస్తుంటే, చర్చిలో పెళ్లి చేసుకుంది. బయటికొచ్చాక తల్లిని "ఎలా ఉందమ్మా?" అని అడిగింది. జెస్ కాసేపు ఆలోచించి "చలిగా ఉంది" అంది. అంతే, ఇంకో మాట లేదు. పొగ షెడ్డులో ఇది చెప్పినప్పుడల్లా ఆడవాళ్లు చేపలు వదిలేసి నవ్వేవారు. యాభై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

రెండోది ఆరు తరాల కథ. "మా ఇంట్లో ఆరు తరాల ఆడవాళ్లకి ఈ చర్చిలోనే పెళ్లయింది. తల్లి నుంచి కూతురికి, ఒక్కరు తప్పలేదు." బాప్తిస్మానికి వచ్చినా, శవయాత్రకు వచ్చినా, ఇత్తడి తోముతూ ఒంటరిగా ఉన్నా ఈ మాట వినిపించేది. అసలు ఆమె పెళ్లినాడు అప్పటి పాస్టరు అన్నది వేరు. ఈ కుటుంబానికి చర్చితో ఆరు తరాల బంధం అన్నాడు, అంతే. ఆ బంధం మోరాగ్ నోట్లో నాని నాని పదేళ్లలో పెళ్లిళ్లయింది. ఇంకో పదేళ్లకు వాళ్లు ఏ బల్ల దగ్గర నిలబడ్డారో కూడా ఆమెకు తెలిసిపోయింది. కూతురు లోర్నా అసలు పెళ్లే చేసుకోలేదు కాబట్టి ఆమె ఊసు ఎత్తేది కాదు.

లోర్నా డండీ ఆసుపత్రిలో నర్సు. ఆమెకు డ్యూటీలుండేవి కాబట్టి కూతురు మిర్రెన్‌ను పెంచిందంతా మోరాగే. బడి వదలగానే పిల్ల అమ్మమ్మ వంటింట్లో వాలేది. ఎక్కాలు, తిట్లు, చేపల ముడి అన్నీ అక్కడే నేర్చుకుంది. ఇప్పుడు ఆ పిల్లకు ఇరవై ఏడేళ్లు. లాబ్‌స్టర్లు పట్టే ఫ్రేజర్ లౌనీతో పెళ్లి కుదిరింది. ఇక్కడ పెళ్లి కాగితం మీద ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. అందులో ఒకటి అమ్మమ్మదే కావాలని మిర్రెన్ మార్చిలోనే అడిగింది. మోరాగ్ పైకి "చూద్దాంలే" అంది. ఆ సాయంత్రమే పాత కరెంటు బిల్లు వెనక సంతకం పదిసార్లు రాసి చూసుకుంది.

జూన్ చివరి ఆదివారం ఇద్దరూ భోజనానికి వచ్చారు. కైమా, మెదిపిన బంగాళాదుంపలు, తరవాత పుడ్డింగు.

"అమ్మమ్మా, పెళ్లి ఎక్కడో ఖాయం చేసుకున్నాం," అంది మిర్రెన్.

"ఖాయం చేయడానికి ఏముందే? తాళం నా మెడలోనే ఉంది. ఆగస్టులో ఏ శనివారమో చెప్పు, ఇత్తడి తోమి పెడతా."

"చర్చిలో కాదు."

మోరాగ్ గరిటె ఆగింది. ఫ్రేజర్ తన కంచంలోకి తొంగి చూసుకున్నాడు.

"మరెక్కడ?"

"ఫ్రేజర్ వాళ్ల షెడ్డులో. రేవు దగ్గరుందే, బుట్టలు పెట్టుకుంటారు, అది."

"లాబ్‌స్టర్ బుట్టలా?"

"పీతల బుట్టలు కూడా ఉంటాయండీ," అన్నాడు ఫ్రేజర్, ఉన్న నిజం చెప్పేయడమే మంచిదనుకుని.

"ఓహో, పీతలు కూడానా! ఇంకేం, తోడిపెళ్లికూతుళ్లు దొరికేశారు. పాస్టరమ్మని ఎక్కడ నిలబెడతారు నాయనా, ఎర డబ్బా మీదా?"

"పాస్టరమ్మ ఒప్పుకుంది," అంది మిర్రెన్. "ఎక్కడైనా సరే వస్తానంది. నలభై మంది పడతారమ్మమ్మా. అక్కడే తిండి, అక్కడే డాన్సు."

"ఎక్కడైనా వస్తుంది. ఎందుకు రాదు? ఏ ఊరెళ్తోందో ఆవిడకే తెలీదు. ఒసేయ్, ఆరు తరాలే! గ్రీజల్ దగ్గర్నుంచీ నా దాకా! నువ్వొచ్చి పీతల మధ్య పెళ్లి చేసుకుంటానంటే వాళ్లంతా సమాధుల్లో ఏమనుకుంటారు?"

"ఏమీ అనుకోరు. చచ్చిపోయారు కదా."

ఆ మాటకు మోరాగ్‌కు చిర్రెత్తుకొచ్చింది. గరిటె బల్ల మీద కొట్టింది. "విను. మన ఇంట్లో ఒక్క ఆడది, ఒక్కత్తంటే ఒక్కత్తి, చర్చి బయట పెళ్లాడిందని చూపించు. ఆదివారం టోపీ పెట్టుకొచ్చి మీ షెడ్డులో డాన్సు కూడా చేస్తా. లేదంటే నా సంతకమూ లేదు, నేనూ లేను. ఆ గుమ్మం తొక్కను."

మిర్రెన్ అమ్మమ్మ మనవరాలే, పంతంలో ఏం తీసిపోలేదు. లేచి నిలబడి కోటు తీసుకుంది. "నువ్వు రాకపోతే ఎవరి సంతకమైతే ఏంలే," అని బయటికి వెళ్లింది. కోటు తిరగేసి వేసుకున్న సంగతి కూడా చూసుకోలేదు. ఫ్రేజర్ పుడ్డింగు వైపు ఒకసారి ఆశగా చూసి ఆమె వెనకాలే పోయాడు. ఇరవై ఏళ్లలో ఆ బల్ల దగ్గర పుడ్డింగు మిగలడం అదే మొదటిసారి. మోరాగ్ దాన్ని తినలేకపోయింది, పారేయలేకపోయింది. మంగళవారం దాకా మూతపెట్టి ఉంచింది.

మంగళవారం గ్రంథాలయం మేడమీద పాత రికార్డులు చూపిస్తారు. చూపించేది హ్యూయీ డంబ్రెక్. రిటైరైన రైల్వే సిగ్నల్‌మాన్, మోరాగ్‌తో కలిసి చదువుకున్నవాడు. చిన్నప్పుడు మోరాగ్ అతని బడిసంచిలో ఒక హ్యాడాక్ చేప పెట్టింది. వేసవి సెలవుల ముందురోజు పెట్టింది. సెలవులయ్యాక గాని అది బయటపడలేదు. హ్యూయీ ఇప్పటికీ ఆమెను చూడగానే సంచీని ఒళ్లోకి తీసుకుంటాడు.

"ఆరు పెళ్లిళ్లు కావాలి," అంది మోరాగ్ కుర్చీ లాక్కుంటూ. "ఆరింటికీ కాగితాలు అచ్చుకొట్టి ఇయ్యి. ఆ పిల్ల మొహాన కొట్టాలి."

"మొదటి పేరు?"

"గ్రీజల్. పద్దెనిమిది వందల ముప్ఫై ఒకటి."

హ్యూయీ కంప్యూటర్ మీటలు ఒక్కొక్కటే, మధ్యలో ఏదో రైలు పోవాల్సి ఉన్నట్టు ఆగి ఆగి నొక్కాడు. తెర మీద పాత చేతిరాత వచ్చింది. మోరాగ్ కళ్లజోడు సర్దుకుని చదివింది. వరుడి పేరు, గ్రీజల్ పేరు, చర్చిలో ప్రకటించారు, నవంబరులో ఫలానా తేదీ.

"చర్చిలో! చూశావా? చర్చిలో అని ఉంది!"

"పేర్లు చర్చిలో చదివారు మోరాగ్. వీళ్లు పెళ్లి చేసుకోబోతున్నారు, ఎవరికైనా అభ్యంతరముందా అని ఆదివారం పూట అందరి ముందూ అడిగారు. పుస్తకంలో రాసింది దాన్ని. పెళ్లి ఎక్కడయిందో ఇందులో లేదు."

"పేర్లు చర్చిలో చదివి పెళ్లి గోదాంలో చేస్తారా?"

"ఇంట్లో చేస్తారు. సాధారణంగా పిల్ల ఇంట్లో. అసలు చేసుకున్నారో లేదో కూడా ఇది చెప్పదు. పేర్లు చదివించుకుని మనసు మార్చుకున్నవాళ్లున్నారు."

"మార్చుకునుంటే నేనెక్కడ్నుంచి ఊడిపడ్డాను? సరే, అది పక్కన పెట్టు. రెండోది తియ్యి."

రెండోది యూఫీమియా. పద్దెనిమిది వందల యాభై ఎనిమిది. అప్పటికి ప్రభుత్వ రిజిస్టర్లు వచ్చేశాయి. ఏ రోజు, ఏ చోట అన్నది మొదటి గడిలోనే రాసేవారు. హ్యూయీ వేలు పెట్టి చూపించాడు. ఫిషర్ రో, రెండో నంబరు ఇల్లు.

"స్కాట్లాండ్ చర్చి పద్ధతి ప్రకారం అని కింద రాసుందిగా!" అని మోరాగ్ పట్టుకుంది.

"పద్ధతి చర్చిది. చోటు ఇల్లు. పాస్టరు ఇంటికొచ్చి చేసి వెళ్లాడు."

"ఆ రోజు వానేమో. జనం ఇంట్లో ఉండిపోయారేమో."

"అయ్యుండచ్చు," అన్నాడు హ్యూయీ మర్యాదగా, మూడోది తీస్తూ. మూడోది నెల్లీ, పద్దెనిమిది వందల ఎనభై తొమ్మిది. చోటు, ఉత్తర రేవు, వలలు ఆరేసుకునే అటక.

ఈసారి మోరాగ్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "చర్చి కప్పు బాగుచేస్తున్నారేమో ఆ యేడు," అంది చివరికి.

"అయ్యుండచ్చు."

"ఆ నవ్వు ఆపు."

"నవ్వట్లేదు. నా మొహమే ఇంత."

నాలుగోది జెమైమా, మోరాగ్ అమ్మమ్మ. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాణ్ని పంతొమ్మిది వందల పంతొమ్మిదిలో చేసుకుంది. చోటు పాస్టరు ఇల్లు. భోజనాల గదిలో, గురువారం మధ్యాహ్నం రెండింటికి చేసి ఉంటారని, పాస్టరు భార్య సాక్షిగా నిలబడి మళ్లీ కుట్టుపనికి వెళ్లిపోయి ఉంటుందని హ్యూయీ చెప్పాడు. అలాంటివి చాలా చూశాడు.

మోరాగ్ ఆఖరి అస్త్రం తీసింది. "నువ్వు మా వాళ్లవే ఏరి ఏరి చూపిస్తున్నావు. ఆ పేజీ మొత్తం చూపించు. మిగతా జనం ఎక్కడ చేసుకున్నారో చూద్దాం."

హ్యూయీ పేజీలు తిప్పుతూ పోయాడు. ఇల్లు, ఇల్లు, పాస్టరు ఇల్లు, ఒక హోటలు, రొట్టెలు చేసేవాళ్ల సంఘం హాలు, ఇల్లు, ఎవరిదో వ్యవసాయ క్షేత్రం, మళ్లీ ఇల్లు.

"ఎవరూ లేరా చర్చిలో?"

"ఎందుకు లేరు? ఇదిగో ఒకడున్నాడు. ఇంగ్లీషువాడు."

కిందనున్న పత్రికల గదిలోంచి ఎవరో గట్టిగా నవ్వారు. మేడమీద మాట కిందికి బాగా వినిపిస్తుంది.

"మనవాళ్లకి చర్చి ఆదివారానికి, మోరాగ్," అన్నాడు హ్యూయీ. "పెళ్లికి కావాల్సింది పాస్టరు, ఇద్దరు సాక్షులు, పొయ్యి మీద ఏదన్నా ఉడుకుతున్న గిన్నె. గిన్నె ఇంట్లో ఉంటుంది కాబట్టి పెళ్లీ ఇంట్లోనే. చర్చిలో నిలబడాలన్న సరదా మొన్న మొన్న వచ్చింది. మన కాలంలోనే."

"మా అమ్మది తియ్యి," అంది మోరాగ్. ఆమె గొంతు తగ్గింది.

జెస్, పంతొమ్మిది వందల నలభై ఏడు, ఫిబ్రవరి. హ్యూయీ చోటు దగ్గర వేలు పెట్టి, ఆమె మొహం చూసి, వేలు తీసేశాడు. మోరాగ్ తనే చదివింది. షోర్ స్ట్రీట్, ఆరు.

తన ఇల్లు. ప్రతి శుక్రవారం తను దుమ్ము దులిపే ముందుగది. ఆ నిప్పుగూడు ముందే అమ్మ నిలబడి ఉంటుంది.

"నాది?" అంది తెర మీద నుంచి చూపు తిప్పుకుని. "నాది చర్చిలోనే. నాకు తెలుసు."

"నీది చూపించలేను. పెళ్లయి డెబ్భై ఐదేళ్లు నిండితే గాని ఆ పేజీలు ఇక్కడ తెరవరు. నువ్వు చెబుతున్నావు కాబట్టి నమ్ముతున్నా."

అలా ఆరు తరాల్లో చర్చిలో పెళ్లయిన ఆడది ఒక్కతే తేలింది. దానికీ ఇంకా రుజువు చూపించే వీల్లేదు. హ్యూయీ కాగితాలు అచ్చుకొట్టి ఇచ్చాడు. మోరాగ్ వాటిని మడిచి, థాంక్స్ చెప్పి, మెట్లు దిగింది. మోరాగ్ థాంక్స్ చెప్పడం విని హ్యూయీ భయపడి సంచీలో చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

ఆమె ఇంటికి పోలేదు. తాళం తీసి చర్చిలోకి వెళ్లి, తోమాల్సిన ఇత్తడి జోలికి పోకుండా, చివరి నుంచి రెండో వరసలో కూర్చుంది. ఆమె పెళ్లినాడు జెస్ మట్టిరంగు టోపీ పెట్టుకుని కూర్చున్నది అక్కడే. ముందు వరస ఖాళీగా ఉన్నా ముందుకు రాలేదు.

ఇప్పుడు మొత్తం గుర్తొచ్చింది. గుర్తులేక కాదు, ఇన్నేళ్లూ నవ్వొచ్చే ముక్క మాత్రమే చెప్పుకుంటూ వచ్చింది. ఆ ఏడు మే నెలలో జెస్ నిచ్చెనేసుకుని, బకెట్‌లో జిగురు కలుపుకుని, ముందుగది గోడలకు కొత్త కాగితం అతికించింది. నీలం పిట్టల కాగితం, డండీ నుంచి తెప్పించింది. భుజాలు పట్టేసి వారం రోజులు చెయ్యి ఎత్తలేకపోయింది. ఎందుకమ్మా ఈ హడావిడి అని మోరాగ్ అడగలేదు. చర్చిలో చేసుకుంటానని చెప్పిన రోజు జెస్ ఒక్క మాటే అంది, "ఈ గదికేమైందే?"

"ఏమవుతుందమ్మా? చేపల కంపు. మేగజైన్లు చూడు, అందరూ చర్చిల్లోనే," అంది ఇరవై ఒక్క ఏళ్ల మోరాగ్.

జెస్ వాదించలేదు. నిచ్చెన తీసి పెరట్లో పెట్టింది. రెండేళ్లకు ఆ పిట్టలు పాత ఫ్యాషనని మోరాగే డౌగల్‌తో గోడలకు తెల్లరంగు వేయించింది. జెస్ అదే ఇంట్లో ఇంకో పదహారేళ్లు బతికి, ఆ తెల్లగోడల మధ్య నుంచే పోయింది.

మోరాగ్‌కు సిగ్గేసింది. ఆరు తరాల పేరు చెప్పి మనవరాల్ని ఏడిపించింది. ఆ ఆరులో ఆనవాయితీ తప్పించింది తనొక్కతే. అమ్మ బతికుంటే క్షమించమని అడిగేది కాదు, అది ఆమెకు చేతకాదు. కానీ ముందుగదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చేది. జూన్ నెలలో కూడా ఆ రాతిగోడల మధ్య కాళ్లు గడ్డకట్టుకుపోతున్నాయి. "నిజమేనే అమ్మా, చలిగానే ఉంది," అని పైకే అంది.

మర్నాడు పొద్దున ఫ్రేజర్ షెడ్డు తలుపు తీసేసరికి ఎదురుగా మోరాగ్, ఒక చేత్తో బకెట్టు, ఇంకో చేత్తో తుడుపుకర్ర. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నా మనవరాల్ని పిలు. ఈలోగా ఆ ఎర డబ్బాలు అవతల పారెయ్. ఈ కంపులో పీతలైనా పెళ్లి చేసుకోవు."

మిర్రెన్ పరిగెత్తుకొచ్చింది. మొహం చూస్తే ఆమె కూడా మూడు రోజులుగా పుడ్డింగు ముట్టినట్టు లేదు. మోరాగ్ మడతపెట్టిన కాగితాలు ఆమె చేతిలో కుక్కింది.

"చదువు. నేను తప్పన్నానని ఎక్కడా చెప్పకు. చచ్చినవాళ్లు నాకు సరిగ్గా చెప్పలేదు, అంతే."

మిర్రెన్ చదివింది. వలల అటక దగ్గరికొచ్చేసరికి పెదవి కొరుక్కుంది. షోర్ స్ట్రీట్ దగ్గరికొచ్చేసరికి తలెత్తి చూసింది. మోరాగ్ నేల తుడుస్తూ, ఆమె వైపు చూడకుండా, నీలం పిట్టల సంగతి చెప్పింది. చెప్పడం అయ్యేసరికి ఒకే చోట అరగంట తుడిచింది.

"మాటంటే మాటే. టోపీ పెట్టుకుని వస్తా. సంతకం చేస్తా. డాన్సు చేస్తా. నీకీ షెడ్డు అంత ఇష్టమైతే—"

"షెడ్డు నాకు ఇష్టమని ఎవరన్నారు?" అంది మిర్రెన్. "నాకు నీ ముందుగది కావాలనిపించింది. చిన్నప్పుడు తలుపు సందులోంచి చూసేదాన్ని, గుర్తుందా?"

"మరి అడిగి చావలేదేం?"

"అడుగుతానా? ఏడేళ్లప్పుడు ఆ కార్పెట్టు మీద ఒక్క అడుగు వేశానని రెండ్రోజులు బిస్కెట్లు బందు చేశావు. ఆ గదిలోకి రావాలంటే తాతయ్యలాగా పెట్టెలో రావాలి!"

మోరాగ్‌కు నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ బకెట్టు మీద కూర్చుని, అందులోనే ఏడుపు కూడా కానిచ్చేసింది. ఫ్రేజర్ ఎర డబ్బా పట్టుకుని ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.

"ఎంతమందే?" అంది మోరాగ్ ముక్కు చీదుకుని.

"నలభై."

"గదిలో పాతికమంది. మిగతావాళ్లు నడవలో, మెట్లమీద. తిండీ డాన్సూ ఇక్కడ."

"మరి చెప్పులు?"

మోరాగ్ కార్పెట్టును తలుచుకుంది. అది ఆమె జీవితంలో కష్టమైన నిర్ణయం. "వేసుకునే రండి," అంది.

ఇంకా ఆరు వారాలుంది కాబట్టి రిజిస్ట్రారు ఆఫీసులో చోటు మార్పించుకోవడం కష్టం కాలేదు. పాస్టరమ్మ కూడా సరేనంది. "మన పద్ధతిలో పెళ్లికి చోటు ముఖ్యం కాదు కదా, మోరాగ్," అంది.

"ఈ ముక్క నాకు ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"మీరు నన్నెప్పుడు మాట్లాడనిచ్చారు?"

పెళ్లినాటి పొద్దున, పాతికమందీ పట్టాలంటే గోడవారనున్న జెస్ అల్మరా బయటికి పోవాలని తేలింది. గట్టి ఓకు చెక్కది. మోరాగ్ పెళ్లి నాటి నుంచి అది కదలలేదు. ఫ్రేజర్, అతని స్నేహితులు ముగ్గురు కలిసి ఎత్తారు. మోరాగ్ గుమ్మం దగ్గర నిలబడి కార్పెట్టు గురించి అరుస్తోంది. అల్మరా పక్కకు జరిగింది. ఆమె అరుపు మధ్యలో ఆగిపోయింది.

తెల్లగోడ మీద, తలుపంత చోట, నీలం పిట్టలు. నిన్న అతికించినట్టున్నాయి. యాభై ఏళ్లుగా వెలుతురు తగలక ఒక్క పిట్ట కూడా వెలిసిపోలేదు. చుట్టూ తెల్లరంగు అల్మరా అంచు వెంబడే నీటుగా గీత గీసినట్టు ఆగిపోయి ఉంది. డౌగల్ అల్మరాను కదపలేదు. చుట్టూ వేసుకుంటూ పోయాడు.

"సోమరిపోతు," అంది మోరాగ్. "సోమరిపోతు మొగుడు." చేత్తో నోరు మూసుకుంది. ఫ్రేజర్ మిత్రుల్లో ఒకడు అక్కడ ఏదన్నా బొమ్మ తగిలించి కప్పేద్దామా అని అడిగాడు. ఆమె చూసిన చూపుకు అతను సాయంత్రం దాకా మళ్లీ నోరు తెరవలేదు.

పాస్టరమ్మ ఆ పిట్టల ముందు నిలబడి పెళ్లి చేసింది. పాతికన్నారు గాని ముప్ఫై ముగ్గురు దూరారు. లోర్నా కిటికీ గట్టు మీద కూర్చుంది. నడవలో ఉన్నవాళ్లు ముందువాళ్లను అడిగి ఎంతవరకు వచ్చిందో కనుక్కుంటున్నారు. వంటింట్లోంచి ఉడుకుతున్న పులుసు ఆవిరి వస్తోంది. మెట్లమీద నుంచి హ్యూయీ డంబ్రెక్, సంచీ ఒళ్లో పెట్టుకుని, "చోటు సరిగ్గా పడిందో లేదో చూడండి! డెబ్భై ఐదేళ్ల తరవాత ఎవరో ఒకరు చూస్తారు!" అని కేకేశాడు.

చోటు సరిగ్గానే ఉంది. షోర్ స్ట్రీట్, ఆరు. మోరాగ్ ఆదివారం టోపీ సర్దుకుని, రెండుసార్లు చదివి, కింద సంతకం చేసింది. మార్చిలో ప్రాక్టీసు చేసిన సంతకం. చెమటకు వేళ్లు జారి కాస్త వంకరగా వచ్చింది.

అందరికీ చెమటలు పట్టేశాయి. పెళ్లికొడుకు కాలరు తడిసిపోయింది. పాస్టరమ్మ ప్రార్థన పుస్తకంతో విసురుకుంటూ, "మోరాగ్, కాస్త ఆ కిటికీ తెరిస్తే బావుంటుందేమో," అంది.

లోర్నా గడియ మీద చెయ్యి వేయబోయింది.

"వద్దు, తెరవకు," అంది మోరాగ్ పిట్టల వైపు చూస్తూ. "మా అమ్మకి చలి."